లింకుకి చుట్టాలెవరు, ఒట్టి ఇంటిపేరువాళ్లెవరు

వదినగారూ, ఆ బకెట్టు అక్కడ దించి ఓసారి గోడ దగ్గరికి రండి. మొన్న మీరడిగారు చూడండి, మన లంకె బిందెల్లో లంకె, ఇంగ్లీషువాళ్ల లింకు ఒకటేనా, మన మాటనే వాళ్లు పట్టుకుపోయారా అని. అప్పట్నుంచీ దాని వెనకాలే ఉన్నాను. మా ఇంట్లో ఉన్న నిఘంటువులన్నీ కిందకి దించేశాను.

అడగవలసిన ప్రశ్నేనండి. రెండూ చెవికి ఒకలాగే వినిపిస్తాయి, అర్థం కూడా దగ్గరే. రెండు బిందెల్ని ఒకదానికొకటి తగిలించి పాతిపెడితే లంకె బిందెలు. ఒక ఇనప కడియంలో ఇంకో కడియం దూరిస్తే అందులో ఒక్కో కడియమూ ఒక లింకు. అయినా వీటికి చుట్టరికం లేదు. లింకు ఎక్కడ పుట్టి ఏ దారిన ఇంగ్లీషులోకి వచ్చిందో భాషలు చదివినవాళ్లు చూపించగలిగారు. ఆ దారిలో మన గోదావరి ఎక్కడా తగల్లేదు.

సంబంధాలు చూడ్డంలో మీ చెయ్యి తిరిగిందే కనక మీకు ఇట్టే అర్థమవుతుంది. ఇంటిపేరు కలిసినంతమాత్రాన చుట్టాలైపోరు కదా! ఇంటిపేరు వేరైనా ఆరా తీస్తే మేనత్త బిడ్డలని తేలేవాళ్లూ ఉంటారు. మాటల్లోనూ ఇదే వరస. ఈ లింకు విషయంలో రెండూ జరిగాయి.

ముందు పుట్టిల్లు చెబుతాను. ఇది ఇంగ్లండులో పుట్టిన మాట కాదు. 8వ శతాబ్దం చివరి నుంచీ డెన్మార్కు, నార్వేల వైపునుంచి వైకింగులు ఓడలేసుకుని ఇంగ్లండు మీదికి వచ్చారు. మొదట దోచుకున్నారు, తర్వాత ఉత్తరాన, తూర్పున భూములు చేసుకుని అక్కడే కాపురాలు పెట్టారు. యార్కు పట్నం చాలాకాలం వాళ్ల చేతుల్లోనే ఉంది. ఇరుగూ పొరుగూ అయ్యాక మాటలు కలవకుండా ఉంటాయా! ఇంగ్లీషులో గుడ్డుని ఎగ్ అన్నా, చాకుని నైఫ్ అన్నా, కిటికీని విండో అన్నా, ఆకాశాన్ని స్కై అన్నా, ఆఖరికి మొగుణ్ణి హస్బెండ్ అన్నా అవన్నీ ఆ పొరుగువాళ్ల మాటలే. లింకు కూడా ఆ గుంపులోదే. ఇప్పటికీ స్వీడన్‌లో దాన్ని లెంక్ అంటారు, డెన్మార్కులో లెంకె అంటే గొలుసు, సంకెల. ఐస్‌లాండ్ వాళ్లు హ్లెక్కుర్ అంటారు.

ఐస్‌లాండ్ వాళ్ల మాట ముందు ఆ ‘హ’ ఉంది చూశారా, అది పాత ఉచ్చారణ. మొదట్లో మాటంతా ‘హ్లెంక్’ లాంటి శబ్దంతో ఉండేది. ఇంగ్లీషువాళ్లకి కాలక్రమాన మాట ముందరి ఆ హకారం జారిపోయింది. రింగు కూడా ఒకప్పుడు ‘హ్రింగ్’, బ్రెడ్డు ముద్దని చెప్పే లోఫ్ ‘హ్లాఫ్’. అలా జారిపోయి, 15వ శతాబ్దపు రాతల్లోకి వచ్చేసరికి ‘లింక్’ అని, గొలుసులో ఒక కడియం అన్న అర్థంతో కనిపిస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఈ మాట మూలంలో ఉన్న అర్థం. కలపడం కాదండి, వంచడం! కమ్మరి కొలిమి దగ్గర ఏం చేస్తాడు? ఎర్రగా కాగిన ఇనప చువ్వని వంచి గుండ్రంగా తిప్పుతాడు. ఆ వంపులోంచి కడియం వచ్చింది, కడియాలు ఒకదాంట్లో ఒకటి దూరాక గొలుసు వచ్చింది, గొలుసు నుంచి కలయిక అన్న అర్థం వచ్చింది. మనం ఇప్పుడు మొదటి అర్థం అనుకుంటున్నది నిజానికి చివర చేరింది.

ఈ వంపు తెలిస్తే అసలు చుట్టాలు వాళ్లంతట వాళ్లే బయటపడతారు. శరీరం ఎక్కడ వంగుతుంది? నడుం దగ్గర, తుంటి దగ్గర. జంతువుల డొక్కని, సైన్యం పక్క భాగాన్ని ఇంగ్లీషులో ఫ్లాంక్ అంటారు కదా, అది ఈ కుటుంబంలోదే. జర్మన్ తెగలైన ఫ్రాంకుల నోట ‘హ్లంక’గా ఉండి, ఫ్రెంచిలోకి వెళ్లి, అక్కడ ‘హ్ల’ కాస్తా ‘ఫ్ల’ అయి, తిరిగి ఇంగ్లీషు గుమ్మం ఎక్కింది. సన్నగా, వంచితే వంగేలా ఉన్న మనిషిని ‘లాంకీ’ అంటారు, అదీ చుట్టమే. జర్మన్‌లో ఒంటి కీలుని ‘గెలెంక్’ అంటారు. మోకాలు, మోచెయ్యి అన్నీ గెలెంకులే. మీ మోకాళ్ల నెప్పికీ ఈ మాటకీ ఇంత దగ్గర అని ఎవరనుకుంటారు చెప్పండి!

ఇక ఇంటిపేరువాళ్లు. గోల్ఫు ఆడే మైదానాన్ని ‘లింక్స్’ అంటారు. సముద్రాన్నీ పొలాల్నీ కలిపే నేల కనక ఆ పేరొచ్చిందని చాలామంది నమ్మకం. వినడానికి బాగుంది కానీ అది నిలవదు. పాత ఇంగ్లీషులో గట్టుని, మిట్టనేలని ‘హ్లించ్’ లాంటి మాటతో పిలిచేవారు. స్కాట్లండు ఒడ్డున ఇసకమిట్టల మీద పొట్టిగడ్డి మొలిచి, నాగలికి లొంగని నేల బారులుబారులుగా ఉంటుంది. దానికి ఆ గట్టుమాటే ‘లింక్స్’ అయింది. సేద్యానికి పనికిరాదు గనక జనం అక్కడ గొర్రెలు మేపారు, కర్రతో బంతి కొట్టారు. సెయింట్ ఆండ్రూస్ మైదానం అలాంటిదే. 1744లో గోల్ఫుకి మొదటిసారి నియమాలు రాసుకున్నది ఎడిన్‌బరో దగ్గర లీత్ లింక్స్‌లో ఆడేవాళ్లు. గొలుసులోని లింకు నుంచి వచ్చిన పేరు కాదిది.

ఇంకోటుంది, మన దివిటీ లాంటిది. జనపనార పీచుని తారులో ముంచి వెలిగించే కాగడాని కూడా పూర్వం ఇంగ్లీషులో లింకనే అనేవారు. లండన్‌లో వీధి దీపాలు సరిగ్గా లేని రోజుల్లో, చీకటి పడ్డాక ఇంటికి వెళ్లాలంటే కాసిని చిల్లర ఇస్తే ఈ కాగడా పట్టుకుని ముందు నడిచే కుర్రాళ్లుండేవారు. వాళ్లని లింక్‌బాయ్‌లు అనేవారు. షేక్‌స్పియర్ ‘నాలుగో హెన్రీ’ నాటకం మొదటి భాగంలో ఫాల్‌స్టాఫ్ తన అనుచరుడి ముక్కు ఎర్రగా వెలుగుతోంది కనక కాగడాల ఖర్చు కలిసొచ్చిందని ఏడిపించేది వీటి గురించే. కాగడాలు పోయి దాదాపు రెండు వందల ఏళ్లవుతోంది కానీ లండన్‌లో, బాత్ ఊళ్లో కొన్ని పాత ఇళ్ల గుమ్మాల పక్కన ఇనప గరాటాలు బోర్లించినట్టు ఇప్పటికీ ఉన్నాయి. ఇంటికి చేరాక కాగడా అందులో దూర్చి ఆర్పేవారు. నాకైతే గొలుసు లింకుకన్నా ఈ పిల్లల సంగతి చదివినప్పుడు మనసు ఎక్కువసేపు అక్కడే ఉండిపోయింది. ఎవరి ఇంటికో దారి చూపించి, ఆ ఇంటి గుమ్మం దగ్గర దీపం ఆర్పేసి, చీకట్లో తిరిగి నడిచివెళ్లే పిల్లలు.

నిజంగా ఇంటిపేరే లింక్ అయిన ఆయన కూడా ఒకాయన ఉన్నాడండోయ్. ఎడ్విన్ లింక్ అని అమెరికాలో బింగ్‌హామ్టన్ ఊరివాడు. వాళ్ల నాన్నది ఆర్గన్ వాద్యాలు చేసే కర్మాగారం. అందులో ఉండే గాలితిత్తులే వాడి 1929లో నేలమీద ఉంటూనే విమానంలా ఊగే పెట్టె తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది పైలట్లు ఆ ‘లింక్ ట్రైనర్’లో కూర్చునే విమానం నడపడం నేర్చుకున్నారు. పేరు విని శిక్షణకీ విమానానికీ లింకు కాబోలు అనుకుంటారు.

సరే, ఇప్పుడు అసలైన దానికొస్తాను. ఈ మాట మీ ఇంట్లోనే ఉంది వదినగారూ! అమలాపురం దగ్గర మీ పుట్టింటి కొబ్బరితోట తాలూకు కాగితాలు మీ తమ్ముడుగారు తెచ్చారే, అందులో ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పటం, నకలొకటి ఉంది. గీతల పక్కన 212, 348 అని అంకెలుంటే మీరు అడుగులేమో అనుకున్నారు. పాత ఎఫ్‌ఎంబీల్లో ఆ అంకెలు అడుగులూ కావు, గజాలూ కావు. లింకులు!

దీని వెనక ఒక లెక్కల మాస్టారున్నాడు. ఎడ్మండ్ గుంటర్, 1581లో పుట్టాడు, లండన్ గ్రెషమ్ కాలేజీలో ఖగోళశాస్త్రం చెప్పేవాడు. అప్పటి ఇంగ్లండు కొలతలు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. భూమిని రాడ్లతో కొలిచేవారు, రాడ్డంటే పదహారున్నర అడుగులు. పొలం కొలిచి ఎకరాల్లోకి మార్చాలంటే కూడికలు, భాగాహారాలతో తల దిమ్మెక్కేది. 1620 ప్రాంతంలో గుంటర్ నాలుగు రాడ్లు కలిపి, అంటే 66 అడుగులకి ఒక ఇనప గొలుసు చేయించి, దాన్ని సరిగ్గా 100 లింకులుగా విడగొట్టాడు. ఒక్కో లింకు 7.92 అంగుళాలు. అంకె చూస్తే అడ్డదిడ్డంగా ఉంది కదూ! కానీ పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు కలిస్తే సరిగ్గా ఎకరం. ఎకరానికి లక్ష చదరపు లింకులు. రైతుకి, గుమాస్తాకి ఇక భాగాహారం అక్కర్లేదు. పొడవునీ వెడల్పునీ లింకుల్లో హెచ్చవేసి, వచ్చిన దాంట్లో కుడివైపు అయిదు అంకెలు వదిలేస్తే ఎకరాలు. మెట్రిక్ పద్ధతి పుట్టడానికి నూట డెబ్బై ఏళ్ల ముందే, ఇంగ్లీషు కొలతల్ని ముట్టుకోకుండా, వాటి లోపల దశాంశాన్ని దాచిపెట్టాడు. నాకు ఇంతకన్నా తెలివైన ఉపకారం ఇంకోటి గుర్తురావడం లేదు.

మన సెంటు సరిగ్గా ఈ లెక్కకి సరిపోతుంది. ఎకరంలో నూరో వంతు సెంటు, అంటే వెయ్యి చదరపు లింకులు. మీ తోటలో ఒక ముక్క 250 లింకుల పొడవు, 160 లింకుల వెడల్పు ఉందనుకోండి. హెచ్చవేస్తే 40,000. మూడు సున్నాలు తీసేయండి, 40 సెంట్లు. అంతే! గజాల్లో కావాలంటే సెంటుకి 48.4 గజాలు. తెలంగాణలో మీ చిన్నమ్మాయి అత్తవారు గుంటల్లో చెబుతారు కదా, గుంటంటే 33 అడుగులకి 33 అడుగులు, అంటే సగం గొలుసు పొడవు, సగం గొలుసు వెడల్పు. నలభై గుంటలు కలిస్తే ఎకరం. అక్కడ ఎఫ్‌ఎంబీ బదులు టిప్పన్ అంటారు. కాగితం పేరు వేరు, కొలత మాత్రం అదే 66 అడుగుల్లోంచి వచ్చినట్టుంటుంది. మీ మనవడు వీధిలో వికెట్లు పాతుతాడు చూడండి, క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే ఒక గొలుసు. ఈసారి వాణ్ణి అడగండి, తెలుసేమో.

గొలుసు వాడేవాళ్లకి దాని కష్టం దానికుంది. లింకుకీ లింకుకీ మధ్య చిన్నచిన్న కడియాలుంటాయి. నేలమీద లాగీ లాగీ ఒక్కో కడియం లోపల వెంట్రుకంత అరిగినా, వందల చోట్ల అరిగితే గొలుసు మొత్తం అంగుళాల కొద్దీ సాగిపోతుంది. సాగిన గొలుసుతో కొలిస్తే పొలం తక్కువ వస్తుంది. ఇక్కడ గట్టు తగాదాలు ఎలా పుడతాయో వేరే చెప్పాలా! అందుకని సర్వేవాళ్లు దాన్ని అప్పుడప్పుడు కొలతరాళ్ల మధ్య పరిచి సరిచూసుకునేవారు. ప్రతి పది లింకులకీ ఒక ఇత్తడి బిళ్ల వేలాడేది. పదో లింకు దగ్గర బిళ్లకి ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు, సరిగ్గా నడిమధ్య గుండ్రటి బిళ్ల. వేలితో తడిమితే చాలు ఎక్కడున్నారో తెలిసేది. గొలుసులు పోయి టేపులు, జీపీఎస్‌లు వచ్చినా సర్వే శాఖలో ‘చైన్‌మాన్’ ఉద్యోగం ఆ పేరుతోనే నిలిచింది. ఆంధ్రలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో కొలుస్తున్నారు, ఎఫ్‌ఎంబీ బదులు కొత్త పటాలు ఇస్తున్నారు. కొత్తది వచ్చిందని పాత నకలు పారేయొద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. తేడా వస్తే పోల్చి చూసుకోడానికి ఆధారం ఆ లింకులే. ఒక లింకు 20.1168 సెంటీమీటర్లు. ఈ ఒక్క అంకె నకలు మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోమనండి.

గొలుసుల్లోకెల్లా గొప్ప ప్రయాణం చేసినదాని కథ కూడా చెప్పేస్తాను, కూర మాడదు కదా! లండన్‌లో జెస్సీ రామ్స్‌డెన్ అని పేరుమోసిన పనివాడు 100 అడుగుల ఉక్కు గొలుసు ఒకటి చేశాడు. ఒక్కోటి రెండున్నర అడుగుల చువ్వ, అలాంటివి నలభై. 1793లో మెకార్ట్‌నీ ప్రభువు చైనా చక్రవర్తి దగ్గరకి రాయబారం వెళ్తూ కానుకల్లో దాన్ని కూడా పట్టుకెళ్లాడు. అక్కడ అది ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ బృందంలోని డిన్‌విడీ అనే శాస్త్రజ్ఞుడితో కలకత్తా చేరింది. ఆయన దగ్గర విలియం లాంబ్టన్ కొన్నాడు. 1802 ఏప్రిల్లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల గీతని ఆ గొలుసుతోనే కొలవడం మొదలుపెట్టాడు. నేలమీద పరిస్తే ఎత్తుపల్లాలు వస్తాయని కర్ర పెట్టెల్లో పెట్టి, ఎండకి ఉక్కు సాగుతుందని పక్కన థర్మామీటర్లు ఉంచి, అడుగడుగూ సరిచూసుకుంటూ కొలిచారు. మండు వేసవిలో! దేశం మొత్తాన్ని త్రికోణాలుగా కొలిచిన ఆ మహాసర్వేకి అదే తొలి గీత. లాంబ్టన్ తర్వాత ఏళ్ల తరబడి హైదరాబాదు నుంచే పని నడిపించాడు. 1818లో జార్జ్ ఎవరెస్ట్ వచ్చి ఆయన దగ్గర చేరింది అక్కడే. శిఖరానికి పేరిచ్చిన ఎవరెస్టే.

మిగతా అర్థాలు పెద్దగా ఊరించేవి కావు. పెళ్లిళ్లకి కోటు తొడుక్కునేటప్పుడు పెట్టే కఫ్‌లింకులు ఒకప్పుడు నిజంగానే రెండు గుండీల మధ్య బుల్లి గొలుసు. ‘అన్నిటికన్నా బలహీనమైన లింకు’ అనే మాటని తర్కానికి అన్వయించింది థామస్ రీడ్ అనే స్కాట్లండు తత్వవేత్త, 1785లో. మనిషికీ కోతిజాతికీ మధ్య ‘మిస్సింగ్ లింకు’ దొరికిందని పత్రికలు ఇప్పటికీ రాస్తుంటాయి. ఆ పదం శాస్త్రజ్ఞులకి నచ్చదు, జీవులు గొలుసులా ఒకే వరసలో రాలేదు, చెట్టుకొమ్మల్లా చీలాయి అంటారు. ఆ మాట నాకూ సబబే అనిపిస్తుంది.

ఇక మనం రోజూ వేలితో నొక్కేది. ఒక రాతలోంచి ఇంకో రాతలోకి దూకే ఏర్పాటుకి 1960ల మొదట్లో టెడ్ నెల్సన్ అనే అమెరికన్ ‘హైపర్‌టెక్స్ట్’ అని పేరు పెట్టాడు. ఆయన కోరుకున్న లింకు గొలుసు కడియంలాంటిదే. ఈ పుట ఆ పుటని పట్టుకుంటే, ఆ పుట కూడా ఈ పుటని పట్టుకోవాలి. నిన్ను ఎవరు ప్రస్తావించారో నీకూ తెలియాలి. 1989లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బర్నర్స్-లీ వెబ్‌ని తలపెట్టినప్పుడు ఆ రెండువైపుల పట్టుని వదిలేశాడు. ఆయన లింకు ఒకవైపే పట్టుకుంటుంది. అవతలి వాళ్ల అనుమతి అక్కర్లేదు, అవతలి వాళ్లకి తెలియనక్కర్లేదు. అందుకే ఇంత వేగంగా ప్రపంచమంతా అల్లుకుంది. అందుకే ఇంత తేలిగ్గా తెగిపోతోంది కూడా. అవతలి పుట చిరునామా మారినా, మొత్తానికే తీసేసినా, ఇవతలి లింకుకి కబురు అందదు. అది పాత గుమ్మం వైపే చూపిస్తూ ఉంటుంది. మీరు నొక్కుతారు, 404 అని, అంటే ఆ పుట లేదని వస్తుంది.

తెలుగులో పోయిన పుటలు తలుచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎంత ఓపిగ్గా రాసిన పాటల వివరాలు, వంటలు, ఊరి చరిత్రలు! రాసినవాళ్లు సైటు అద్దె కట్టడం మానేసిన రోజున అన్నీ మాయమయ్యాయి. 1996లో బ్రూస్టర్ కేల్ అనే ఆయన ఇంటర్నెట్ ఆర్కైవ్ అని పెట్టి పుటల నకళ్లు తీసి దాచడం మొదలుపెట్టాడు. అక్కడ ‘వేబ్యాక్ మెషీన్’ అని ఉంటుంది, 2001 నుంచీ అందరికీ ఉచితమే. మీ పెద్దబ్బాయి పంపిన ఆ పాత హరికథల లింకు తెరుచుకోవడం లేదన్నారు కదా, ఫోను మార్చక్కర్లేదు. ఆ చిరునామా ఉన్నదున్నట్టు వేబ్యాక్ మెషీన్‌లో వేసి, పాత తేదీ ఒకటి ఎంచి చూడమనండి. దొరికితే నాకూ పంపండి. దొరక్కపోతే వాడికి గుర్తున్న పేర్లైనా ఓ కాగితం మీద రాయించండి, నేను వెతుకుతాను.